టెస్టు ఆడలేదని పల్వంకర్ బాలూని లెక్కలోంచి తీసేస్తారా?

స్కోరుబుక్_శీను
మొన్న ఆదివారం మా అపార్ట్‌మెంట్లో క్రికెట్ క్విజ్ పెట్టారు. ఆఖరి రౌండ్లో ప్రశ్న: ‘మన దేశం చూసిన తొలి గొప్ప స్పిన్నర్ ఎవరు?’ నేను ఠక్కున పల్వంకర్ బాలూ అన్నాను. క్విజ్ నడిపే ఆయన చేతిలో కాగితం చూసుకుని తల అడ్డంగా ఊపాడు. ఆయన కాగితంలో ఉన్నది వినూ మన్కడ్. నేను ఊరుకోలేదు. మన్కడ్ మొదటి టెస్టు ఆడింది 1946లో, బాలూ అంతకు పాతికేళ్ల ముందే ఆట ముగించాడు అన్నాను. ‘టెస్టులు ఆడాడా?’ అన్నాడు. లేదన్నాను. ‘అయితే లెక్కలోకి రాడు’ అని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు. ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయాం. ఫస్ట్ ప్రైజ్ ఐదు లీటర్ల ప్రెషర్ కుక్కర్. మా ఆవిడ రెండు రోజులుగా ముక్తసరిగా మాట్లాడుతోంది.

భారత్ మొదటి టెస్టు ఆడింది 1932 జూన్‌లో. అప్పటికి బాలూకి 56 ఏళ్లు. ముందు పుట్టడం ఆయన తప్పా? టెస్టులు రాకముందు ఆడినవాళ్లని ఎలా లెక్కేయాలో మీరే చెప్పండి.

ఇరానీ_చాయ్
కుక్కర్ కోసం చరిత్ర తవ్వుతున్నాడు అన్న.

నాలుగో_ఇన్నింగ్స్
ఎవరీ బాలూ? వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడుగుతున్నా. పాత స్పిన్నర్ అంటే నాకు మా హైదరాబాద్ గులాం అహ్మద్ దగ్గరే ఆగిపోతుంది. అది కూడా మా తాత పుణ్యమా అని.

పాత_పేజీలు
నాలుగో_ఇన్నింగ్స్, నీ కోసం కాస్త పొడుగ్గానే రాస్తున్నా.

బాలూ 1876లో ధార్వాడలో పుట్టాడు. సొంతూరు కొంకణ తీరంలోని పల్వన్, ఇంటిపేరు దాన్నుంచే వచ్చింది. చమార్ కులం, తోలు పని చేసేవాళ్లు. తండ్రికి పుణెలో సైన్యంలో కొలువు. దొరలు వాడి పడేసిన బ్యాట్లతో, బంతులతో బాలూ, తమ్ముడు శివరాం ఆట నేర్చుకున్నారు. మొదటి ఉద్యోగం ఒక పార్సీ క్లబ్బులో. పిచ్ ఊడ్చడం, రోలర్ లాగడం. నెలకి మూడు రూపాయలు. తర్వాత యూరోపియన్ల పూనా క్లబ్బుకి మారితే జీతం నాలుగు రూపాయలైంది, పని మాత్రం రెట్టింపైంది. నెట్లు కట్టాలి, గీతలు గీయాలి, రోలర్ ఎలాగూ తప్పదు. మధ్యలో దొరలు ప్రాక్టీసుకి వస్తే బంతులు వేయాలి.

ఆ దొరల్లో గ్రెయిగ్ అని ఒకాయన. ఇంగ్లండులో హాంప్‌షైర్‌కి ఆడినవాడు, ఇక్కడున్న తెల్లవాళ్లలో మేటి బ్యాట్స్‌మన్. మిగతావాళ్ల కన్నా ముందే వచ్చి బాలూ చేత బంతులు వేయించుకునేవాడు. తనని అవుట్ చేసినప్పుడల్లా ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెబుతారు. జీతం నాలుగు రూపాయలు అని గుర్తుపెట్టుకుని లెక్క వేసుకో. నెలలో ఎనిమిది సార్లు పడగొడితే ఇంకో జీతం చేతికొచ్చినట్టు.

అన్నేళ్లు, అన్ని వేల బంతులు. ఆ క్లబ్బులో ఒక్కసారి కూడా ఆయన చేతికి బ్యాట్ ఇవ్వలేదు.

ఇరానీ_చాయ్
వికెట్‌కి అర్ధ రూపాయి. ఐపీఎల్ వేలం చూసి ఉంటే ఆయన ఏమనేవాడో.

నెట్‌బౌలర్_నెల్లూరు
బ్యాట్ ఇవ్వకపోవడం అప్పటితో పోలేదు బాబాయ్. నేను రెండేళ్లు ఒక అకాడమీలో నెట్ బౌలర్‌గా చేశా, పేరు వద్దులే. పొద్దున ఐదున్నరకి వెళ్తే తొమ్మిది దాకా వేస్తూనే ఉండాలి. ఫీజు కట్టిన పిల్లలకే బ్యాటింగ్. చివర్లో ఓ రెండు ఓవర్లు ఆడతా సార్ అంటే ‘వికెట్లు పీకి లోపల పెట్టు’ అన్నారు. నాకు కులం అడ్డు కాలేదు, ఫీజు అడ్డయింది. బాలూకి అడ్డయినదాంతో దీన్ని పోల్చడం లేదు, గుర్తొచ్చి చెప్పానంతే.

ఆఫ్‌సైడ్_అక్క
పాత_పేజీలు గారు అసలు మలుపు చెప్పకుండా ఆపేశారు. పుణెలో హిందువుల క్లబ్బు యూరోపియన్ల మీద గెలవాలని తెగ ఆరాటపడుతోంది. ఊళ్లో అందరికన్నా మంచి బౌలర్ దొరల నెట్స్‌లో బంతులు వేస్తున్నాడు. పిలవాలా వద్దా? క్లబ్బు రెండుగా చీలింది. పిలుద్దాం అన్నవాళ్లలో అక్కడి తెలుగు సభ్యులున్నారు. స్థానిక మరాఠీ బ్రాహ్మణులు వద్దన్నారు. చివరికి గ్రెయిగే, ఇలాంటివాడిని వదులుకుంటే హిందువులంత తెలివితక్కువవాళ్లు ఉండరు అన్నట్టు మాట్లాడాడు. అప్పుడు జట్టులోకి తీసుకున్నారు.

బందరు_లడ్డు
చూశారా! ఎక్కడ మంచి పని జరిగినా మనవాడు ఒకడు ఉంటాడు.

ఆఫ్‌సైడ్_అక్క
కాలర్ ఎగరేయకు లడ్డూ. గెలవాలి కాబట్టి పిలిచారు, ప్రేమతో కాదు. మైదానంలో అందరూ అదే బంతి ముట్టుకునేవాళ్లు. టీ విరామం రాగానే మిగతా పదిమంది పెవిలియన్ లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, బాలూకి బయట మట్టి ముంతలో పోసేవాళ్లు, తాగి పారేయడానికి. మొహం కడుక్కోవడానికి నీళ్లు కూడా ఆయన కులంవాడే ఎవరో తెచ్చి పోయాలి. మధ్యాహ్నం భోజనం విడిగా.

సోలాపూర్_పద్మ
పుణెలో తెలుగువాళ్లేంటి అని ఎవరూ ఆశ్చర్యపోకండి. నేను పుట్టింది సోలాపూర్‌లో. మా ముత్తాతల కాలం నుంచి ఇక్కడ మగ్గాలు నడిపింది మన పద్మశాలీలే. మా వీధిలో ఇప్పటికీ తిట్లు తెలుగులో, బేరాలు మరాఠీలో. మహారాష్ట్రలో తెలుగు కుటుంబాలు కొత్తేమీ కాదు.

ఇరానీ_చాయ్
ఒక డౌట్. క్రికెట్ బంతి దేనితో చేస్తారు? తోలుతో. మరి తోలు పని చేసేవాడిని ముట్టుకోకూడదు, ఆ తోలు బంతిని రోజంతా తొడకేసి రుద్దుకోవచ్చు. నాకే అర్థం కావట్లేదా?

పాత_పేజీలు
నీకే కాదు, సంఘసంస్కర్త జస్టిస్ రనడేకి కూడా అప్పట్లో ఇలాంటి సందేహమే వచ్చింది. బాలూతో కలిసి ఆడగలిగినప్పుడు, కలిసి తినడానికి ఏం అడ్డం అని పుణె హిందూ క్లబ్బువాళ్లని బహిరంగంగానే అడిగాడు. సతారాలో తెల్లవాళ్ల జట్టుతో మ్యాచ్ తర్వాత సంగతి ఇది. బాలూ స్పిన్ పనిచేయకూడదని అక్కడివాళ్లు వారం రోజులు పిచ్ మీద రోలర్ తిప్పారట. అయినా ఏడు వికెట్లు తీశాడు. రోలర్ లాగి జీతం తీసుకున్న మనిషిని రోలర్‌తో ఆపాలని చూశారు!

పిచ్_రోలర్
చాలా ఏళ్లుగా ఇక్కడ చదవడమే తప్ప రాసింది లేదు. ఆ మట్టి ముంత మాట చదివాక రాయకుండా ఉండలేకపోయా.

మా ఊరు గోదావరి జిల్లాలో. కాలేజీ గ్రౌండులో మ్యాట్ మీద ఆడేవాళ్లం, 1980ల మాట. గ్రౌండు చూసుకునే ఆయన ఒకడుండేవాడు, యాభై దాటిన మనిషి. పొద్దున్నే కొబ్బరి నార మ్యాట్ భుజాన వేసుకొచ్చి పరిచి, చుట్టూ మేకులు కొట్టేవాడు. ఒక మూల మడత ఉంటే మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో తట్టి సరిచేసేవాడు. ఆ మూల నుంచి బంతి ఎటు లేస్తుందో ఆయనకి తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు. బౌలర్ రాకపోతే ఆయన్నే వేయమనేవాళ్లం. చెప్పులు విడిచి, నాలుగడుగులు నడిచి ఎడం చేత్తో వేసేవాడు. బంతి మనకోసం కాసేపు ఆగినట్టుండేది. మేం ముందే బ్యాట్ ఊపేసేవాళ్లం. నన్ను ఒకే వారంలో మూడు సార్లు స్టంప్ అవుట్ చేయించాడు.

టీ కుర్రాడు వస్తే మేమంతా గాజు గ్లాసుల్లో తాగేవాళ్లం. ఆయన గ్లాసు వేరే. సొట్టలు పడ్డ స్టీలు గ్లాసు, స్టోరు రూము కిటికీ మీద బోర్లించి ఉండేది. తనే తీసుకునేవాడు, తనే కడుక్కుని మళ్లీ అక్కడే బోర్లించేవాడు. ఆయనకి శుభ్రం ఎక్కువేమో అనుకున్నా నేను. రెండు గ్లాసుల పద్ధతి అనే మాట ఇంకో పదేళ్లకి పేపర్లో చదివా. చదువుతుంటే ముందు ఆ కిటికీయే కళ్లముందుకొచ్చింది. నాలుగేళ్లు ఆ గ్రౌండులో ఆడాను, ఒక్కసారి కూడా ఆయన్ని మ్యాచ్ ఆడమని అడగలేదు. అడగాలన్న ఆలోచన కూడా రాలేదు.

నాలుగో_ఇన్నింగ్స్
🙏

లెక్కల_మాస్టారు
అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు, మంచిదే. ఇప్పుడు శీను అడిగిన ప్రశ్నకి వద్దాం. గొప్ప స్పిన్నరా కాదా? జీవితం కష్టమైనంత మాత్రాన బౌలింగ్ గొప్పదైపోదు. ఫస్ట్ క్లాసులో, అంటే టెస్టుల తర్వాతి స్థాయి పెద్ద మ్యాచుల్లో, 33 మ్యాచులు, 179 వికెట్లు, సగటు 15.21 (ఒక్కో వికెట్‌కి ఇచ్చిన పరుగులు, తక్కువైతే మంచిది). చూడ్డానికి అదిరిపోయేలా ఉంది. కానీ ఆ రోజుల్లో పిచ్‌లు కప్పేవాళ్లు కాదు, బ్యాట్స్‌మన్లలో సగం మంది ఎండకి వడలిపోయిన సైనికాధికారులు. ఆ కాలంలో మనదేశంలో చాలామంది బౌలర్ల సగటు తక్కువే. ఇవాళ్టి సగటులతో పోల్చి చూస్తే మోసపోతాం.

స్కోరుబుక్_శీను
మాస్టారూ, మీరు కూడా క్విజ్ మాస్టర్ పార్టీయేనా?

లెక్కల_మాస్టారు
నేను అంకెల పార్టీ.

పాత_పేజీలు
అంకెలే కావాలంటే 1911 తీసుకోండి మాస్టారూ. ఇంగ్లండ్ వెళ్లిన తొలి అఖిల భారత జట్టు. అక్కడ ఎండా లేదు, మన మైదానాలూ లేవు. ఎదురుగా కౌంటీ జట్లు, ఆటే జీవనంగా బతికే ప్రొఫెషనల్స్. బాలూకి అప్పటికి 35, పైగా బౌలింగ్ చేసే చేయి నొప్పి. పర్యటన మొత్తంలో 114 వికెట్లు, సగటు 18.84. కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ మీద ఒకే ఇన్నింగ్స్‌లో 103 పరుగులిచ్చి 8 వికెట్లు. అది ఆయన అత్యుత్తమం.

లెక్కల_మాస్టారు
114లో ఫస్ట్ క్లాస్ కాని మ్యాచుల వికెట్లు కూడా కలిసి ఉన్నాయి. 23 మ్యాచుల్లో 14 మాత్రమే ఫస్ట్ క్లాస్. పైగా జట్టు 15 ఓడింది, 6 గెలిచింది.

ఆఫ్‌సైడ్_అక్క
జట్టు ఓడితే బౌలర్ ఏం చేస్తాడు మాస్టారూ? పరుగులు చేయాల్సినవాళ్లు ఎక్కడున్నారో చూడండి. కెప్టెన్ పాటియాలా మహారాజు భూపీందర్ సింగ్, ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అది ఐదో జార్జ్ పట్టాభిషేకం జరిగిన వేసవి. మొదట్లో కొన్ని మ్యాచులు ఆడి విందులకీ వినోదాలకీ వెళ్లిపోయాడు. పోతూ పోతూ తన దగ్గర కొలువు చేస్తున్న మిస్త్రీని కూడా వెంటేసుకెళ్లాడు. జట్టులో అందరికన్నా బాగా ఆడే బ్యాట్స్‌మన్ ఆయనే. మిగిలినవాళ్లు వారం వారం రైలెక్కి దిగి ఆడారు. బాలూ ఒక చివర నుంచి వేస్తూనే ఉన్నాడు.

బందరు_లడ్డు
మహారాజులే కెప్టెన్లు కావడం ఆ ఒక్కసారితో ఆగలేదుగా. 1932లో కూడా పోర్‌బందర్ మహారాజునే కెప్టెన్‌గా పంపారు. ఆయన మాత్రం టెస్టు రోజున పక్కకి తప్పుకున్నాడు, లార్డ్స్‌లో మన సి.కె. నాయుడు కెప్టెన్ అయ్యాడు. మొదటి టెస్టు కెప్టెన్ తెలుగువాడు!

ఇరానీ_చాయ్
లడ్డూ, నువ్వు ఏ దారిలో వెళ్లినా బందరే వస్తుంది.

వరంగల్_గూగ్లీ
నాయుడుగారి థ్రెడ్ వేరే ఉంది, అక్కడికి పోండి. ఇక్కడ బాలూ.

నాకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఏంటంటే, ఇంగ్లండులో విల్ఫ్రెడ్ రోడ్స్ కూడా ఎడంచేతి స్లో బౌలరే. ఇద్దరి వయసుకీ ఏడాదిన్నర తేడా అంతే. బాలూని ‘ఇండియన్ రోడ్స్’ అనేవాళ్లు. రోడ్స్ 1898లో, ఇరవై ఏళ్లకి, యార్క్‌షైర్‌లో మొదలుపెట్టి 1930 దాకా ఆడి 4,204 ఫస్ట్ క్లాస్ వికెట్లు తీశాడు. బాలూ మొదటి ఫస్ట్ క్లాస్ మ్యాచ్ 1905–06 సీజన్లో, ముప్ఫై దగ్గర పడ్డాక. అంతకు ముందు పదేళ్ల బౌలింగ్ మొత్తం నెట్స్‌లో, క్లబ్బు మ్యాచుల్లో ఖర్చయిపోయింది. మాస్టారు చెప్పే 33 మ్యాచులు ఆయన కెరీర్‌లో రెండో సగమే. మొదటి సగానికి స్కోరుబుక్కు లేదు.

లెక్కల_మాస్టారు
ఇది మంచి పాయింటు. ఒప్పుకుంటున్నా. సగటు విషయంలో మాత్రం నా అనుమానం నాకుంది.

నాలుగో_ఇన్నింగ్స్
పుణె నుంచి 1905 దాకా ఏం చేశాడు మరి?

పాత_పేజీలు
పుణెలో ప్లేగు వచ్చింది, 1897 ప్రాంతంలో. అప్పుడు బొంబాయి చేరాడు. సైన్యంలో కొన్నాళ్లు, తర్వాత రైల్వేలో ఉద్యోగం, వాళ్ల జట్టుకి ఆట. అక్కడి హిందూ జింఖానాలో కూడా మొదట కొందరు గుజరాతీ సభ్యులు అభ్యంతరం చెప్పారు, తర్వాత తీసుకున్నారు. బొంబాయి వచ్చేసరికి ఒక మెట్టు మారింది: భోజనాల దగ్గర మిగతావాళ్లతో కలిసి కూర్చోనిచ్చారు.

1906 ఫిబ్రవరిలో బొంబాయి జింఖానా మైదానంలో హిందువులు, యూరోపియన్లు తలపడ్డారు. హిందువులు 242, 160. యూరోపియన్లు 191, 102. 109 పరుగుల గెలుపు. బాలూ, శివరాం ఇద్దరూ ఆ జట్టులో ఉన్నారు. పరిపాలించేవాళ్లని వాళ్ల ఆటలో వాళ్ల మైదానంలో ఓడించారు. ఊరంతా ఊగిపోయింది. పేపర్లు దాన్ని ఆటలాగే కాదు, సంఘసంస్కరణ విజయంలా కూడా రాశాయి. అంటరానివాడిని జట్టులో పెట్టుకున్నారు కాబట్టే గెలిచారని.

నెట్‌బౌలర్_నెల్లూరు
మరి కెప్టెన్ చేశారా?

ఆఫ్‌సైడ్_అక్క
అడగాల్సింది అడిగావు తమ్ముడూ. చేయలేదు.

యూరోపియన్లు, పార్సీలు, హిందువులు ఆడే పోటీలో 1912 నుంచి ముస్లింల జట్టు కూడా చేరి, నాలుగు జట్ల క్వాడ్రాంగులర్ అయింది. హిందువుల జట్టులో అందరికన్నా సీనియర్ బాలూ. ఏటా ఆయన పేరు వచ్చేది, ఏటా ఎవరో ఒక బ్రాహ్మణ ఆటగాడికి కెప్టెన్సీ వెళ్లేది. ఎం.డి. పాయ్‌కి ఇచ్చినప్పుడు, ఈ గౌరవం నిజానికి నా మిత్రుడు బాలూది అని పాయ్ తనే సభలో చెప్పాడు. చెప్పాడు, కెప్టెన్సీ మాత్రం చేశాడు.

1920లో గొడవ బయటపడింది. బాలూని జట్టులోంచే తీసేశారు. పాయ్‌కి ఒంట్లో బాగోలేదు. శివరాం, చిన్న తమ్ముడు విఠల్ ఇద్దరూ ఉండగా, వాళ్లకన్నా జూనియర్ అయిన దేవధర్‌ని కెప్టెన్ చేశారు. దేవధర్ ట్రోఫీ అంటారే, ఆయనే. అన్నదమ్ములిద్దరూ జట్టులోంచి తప్పుకున్నారు. కారణం కులమే అని పేపర్లకి రాసి మరీ తప్పుకున్నారు.

లెక్కల_మాస్టారు
మ్యాచ్ ముందు జట్టుని వదిలేయడం నాకు నచ్చదు. కెప్టెన్సీ ఇవ్వలేదని ఎవరైనా ఆడనంటే ఇవాళ మనం ఏమంటాం?

పిచ్_రోలర్
ఇవాళ ఏమంటామో నాకు తెలీదు మాస్టారూ. ఏళ్ల తరబడి అడిగి అడిగి ఇక ఆడం అన్నవాళ్లని నేనైతే తొందరపడ్డారు అనను.

వరంగల్_గూగ్లీ
పనిచేసింది కూడా. ఫైనల్‌కి పాయ్ తిరిగొచ్చాడు, బాలూని వైస్ కెప్టెన్‌గా పిలిచారు, తమ్ముళ్లు మళ్లీ వచ్చి ఆడారు. ఆ మ్యాచ్‌లో పాయ్ కాసేపు మైదానం వదిలి బయటికి వెళ్లాడు. కావాలనే వెళ్లాడంటారు. ఆ కాసేపు హిందువుల జట్టుకి బాలూ కెప్టెన్. నలభై నాలుగేళ్ల వయసులో, ఇంకొకరు లోపల కూర్చున్నంతసేపు.

మూడేళ్ల తర్వాత, 1923లో, విఠల్‌ని నిజంగానే కెప్టెన్ చేశారు. ఆ ఏడు కప్పు హిందువులదే. జనం విఠల్‌ని భుజాల మీద ఎత్తుకున్నారు.

ఇరానీ_చాయ్
పాయ్‌ని నేను క్షమించేశా. టాయిలెట్ అని చెప్పి వెళ్లుంటాడు.

బందరు_లడ్డు
ఈసారి తెలుగు తీసుకురాను, ఒట్టు. అంబేడ్కర్‌తో బాలూకి ఏదో గొడవ అని విన్నా. అదేంటి?

పాత_పేజీలు
గొడవ చివర్లో. మొదట్లో అభిమానం. 1911లో ఇంగ్లండ్ నుంచి తిరిగొచ్చాక బొంబాయిలో దళితులు బాలూకి సన్మానం చేశారు. అప్పటికి అంబేడ్కర్ కాలేజీ కుర్రాడు. ఆ సన్మాన పత్రం తయారీలో ఆయన చేయి ఉందని చెబుతారు. తమలో ఒకడు ఇంతవాడయ్యాడని చూపించడానికి ఆ రోజుల్లో దేశమంతా వెతికినా బాలూకి మించిన పేరు లేదు.

1932 వచ్చేసరికి దారులు వేరయ్యాయి. దళితులకు ప్రత్యేక నియోజకవర్గాలు, అంటే తమ ప్రతినిధుల్ని దళితులే ఓటేసి ఎన్నుకునేవి, కావాలన్నాడు అంబేడ్కర్. అది వద్దని గాంధీ ఎరవాడ జైల్లో నిరాహార దీక్షకి కూర్చున్నాడు. బాలూ, మద్రాసు దళిత నాయకుడు ఎం.సి. రాజా గాంధీ వైపు నిలబడ్డారు. సెప్టెంబరులో రాజీ కుదిరి పూనా ఒప్పందం అయింది. శీను చెప్పిన మొదటి టెస్టు జూన్‌లో, ఇది సెప్టెంబరులో. అదే ఏడు. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ బాలూని అంబేడ్కర్ మీదే నిలబెట్టింది. అంబేడ్కర్ గెలిచాడు. తేడా సుమారు రెండు వేల ఓట్లు.

నెట్‌బౌలర్_నెల్లూరు
ఇది నాకు మింగుడు పడట్లేదు. అంతా అనుభవించి వచ్చినవాడు అంబేడ్కర్ మీద పోటీకి దిగడమేంటి? కాంగ్రెస్ వాడుకుంది ఆయన్ని.

సోలాపూర్_పద్మ
వాడుకుంది అనడం తేలిక. ఆయన వైపు నుంచి చూడు. ముంతలో టీ తాగిన మనిషి, కలిసి కూర్చుని తినే దాకా వచ్చాడు. తమ్ముడు కెప్టెన్ అయ్యాడు. ముప్ఫై ఏళ్లలో తన కళ్లముందు కొంత మారింది. ఇంకొంచెం ఓపిక పడితే మిగతాది కూడా మారుతుందని నమ్మాడేమో. అంబేడ్కర్‌కి ఆ ఓపిక లేదు. ఉండాల్సిన అవసరమూ లేదు.

నెట్‌బౌలర్_నెల్లూరు
మార్చింది ఎవరక్కా? వికెట్లు తీశాడు కాబట్టి లోపలికి పిలిచారు. వికెట్లు తీయడం రానివాడి సంగతి? వాడు బయటే. అంబేడ్కర్ అడిగింది ఆ రెండోవాడి గురించి.

సోలాపూర్_పద్మ
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు తమ్ముడూ.

లెక్కల_మాస్టారు
రాజకీయాల థ్రెడ్ కాదిది అని మోడరేటర్ వచ్చేలోపు ఆటకి వద్దాం. నేను రాత్రి కూర్చుని మళ్లీ చూశా. నెట్‌బౌలర్ మాటే ఇంకోలా వర్తిస్తుంది. అదే కాలంలో రంజీ ఉన్నాడు. కేంబ్రిడ్జ్ చదువు, ససెక్స్ కౌంటీ, ఇంగ్లండ్ తరఫున 15 టెస్టులు, తర్వాత నవానగర్ జాం సాహెబ్, అంటే అక్కడి మహారాజు. మన దేశంలో ఆయన పేరున ట్రోఫీ ఉంది. ఆయన టెస్టులు ఆడింది మన జట్టుకి కాదు. అయినా మన క్విజ్‌లన్నిటిలో మన క్రికెటరే. రంజీ లెక్కలోకి వచ్చినప్పుడు టెస్టు ఆడలేదని బాలూని తీసేయడం కుదరదు. గొప్ప స్పిన్నర్, ఒప్పుకున్నా. ‘తొలి’ అన్న మాటకైతే అసలు పోటీయే లేదు.

స్కోరుబుక్_శీను
మాస్టారూ, ఈ పోస్టు ప్రింట్ తీసి అసోసియేషన్ నోటీసు బోర్డు మీద అంటిస్తున్నా.

ఇరానీ_చాయ్
గ్రెయిగ్ సంగతి ఎవరూ చెప్పలేదు, తర్వాత ఏమయ్యాడు?

వరంగల్_గూగ్లీ
సైన్యం వదిలాక కేథలిక్ ఫాదర్ అయ్యాడు. నిజం, జోక్ కాదు.

ఇరానీ_చాయ్
పొద్దున్నే లేచి బాలూ బౌలింగ్ ఆడితే ఎవరికైనా దేవుడు గుర్తొస్తాడు.

స్కోరుబుక్_శీను
అప్‌డేట్. క్విజ్ మాస్టర్‌ని లిఫ్టులో పట్టుకున్నా. కింద నుంచి ఏడో అంతస్తు దాకా చెప్పా: పార్సీ క్లబ్బు, 1906, 1911, రంజీ లాజిక్ మొత్తం. ‘ప్రశ్నలో టెస్టు అని లేదు కదా సార్’ అన్నది గట్టిగా తగిలింది. సాయంత్రం వాట్సాప్ గ్రూపులో ప్రకటించారు. మా జట్టుకి అర పాయింటు ఇస్తున్నారట, ‘జవాబు పాక్షికంగా ఆమోదయోగ్యం’ అని. కుక్కర్ ఇంకా వాళ్లింట్లోనే.

నాలుగో_ఇన్నింగ్స్
అర పాయింటు అంటే ఎనిమిది అణాలు.

పిచ్_రోలర్
😀

సోలాపూర్_పద్మ
విఠల్ మరాఠీలో తన జీవితం రాసుకున్నాడు, అన్నల గురించి లోపలి మాటలన్నీ అందులో ఉండాలి. ఇక్కడ పాత పుస్తకాల దుకాణంలో చెప్పి పెట్టా. దొరికితే పుణె అధ్యాయం వరకైనా చదివి, తెలుగులో ఇక్కడే చెబుతా. లడ్డూ, ఆ తెలుగు సభ్యుల పేర్లు కనిపిస్తే ముందు నీకే చెబుతాలే.

బందరు_లడ్డు
ఇంటిపేర్లు కూడా రాసుకో అక్కా.